దింపిన పిల్ల మళ్లీ అదే రైలెక్కితే

2018 వేసవిలో మన ఫోన్లన్నిటిలో ఒకటే మాట తిరిగింది, పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు దిగాయని. ఆ పుకారు నమ్మి దేశంలో చాలాచోట్ల అమాయకుల్ని కొట్టి చంపారు. తెలుగు ఊళ్లలోనూ రాత్రుళ్లు కర్రలు పట్టుకుని కాపలా కాశారు, కొత్త ముఖం కనబడితే చుట్టుముట్టారు. ఊరి పొలిమేరలో అలా కాపలా కాస్తున్న రోజుల్లోనే, శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి పిల్లలు పట్టపగలు వెళ్లిపోతూనే ఉన్నారు. టికెట్టు కొనుక్కుని, మారుబట్టల సంచీ పట్టుకుని, అమ్మకి చెప్పి మరీ వెళ్లారు.

ఇక్కడ పిల్లని తీసుకెళ్లేవాడు కొత్తవాడు కాడు. కూలీల్ని కుదిర్చి పంపే మేస్త్రీ అయ్యుంటాడు, లేకపోతే మేస్త్రీకి బావమరిది. పక్కూరి పెద్దమ్మ కావచ్చు. పోయినేడు ఇదే వీధి నుంచి వెళ్లి పండక్కి కొత్త ఫోనుతో తిరిగొచ్చిన అమ్మాయే కావచ్చు. ఇంట్లో మంచం మీద కూర్చుని, టీ తాగి, కష్టసుఖాలు మాట్లాడి, తల్లి చేతిలో అడ్వాన్సు పెడతారు. తరవాత ఎవరైనా వెళ్లి అడిగితే ఆ తల్లి ధైర్యంగానే చెబుతుంది: "మనోడే బావూ, దూరపు సుట్టమే. మా గుంట పన్లో కుదిరిపోనాది."

పిల్లల రక్షణ కోసం పనిచేసే స్వచ్ఛంద సంస్థల గురించి మనకి తెలిసిందల్లా పేపర్లో వచ్చే ఒక్క వార్త. ఫలానా స్టేషన్లో ఇంతమంది బాలలకి విముక్తి. ఆ విముక్తి ఒక పూట పని. ఆ తరవాత ఏడాది, రెండేళ్లు సాగే పని ఉంది. పిల్ల మళ్లీ వెళ్తుందా లేదా అన్నది తేలేది అక్కడే. దాన్ని ఎవరూ చూడరు, దానికి డబ్బూ రాదు. ఈ చిక్కుముడిని విప్పడానికి ఒక అమ్మాయిని ఊహించుకుందాం. ఆమె నిజమైన మనిషి కాదు కానీ ఆమె దాటే ఒక్కో మెట్టూ నిజమే.

ఆమెకి పదిహేనేళ్లు. ఊరు శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో. పదో తరగతిలో లెక్కలు పోయాయి. నాన్నకి కిడ్నీ జబ్బు, డయాలసిస్‌కి తిప్పాలి. అమ్మ కాశీబుగ్గలో జీడిపిక్కలు ఒలిచే పనికి వెళ్తుంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు వాళ్లకున్న కొద్దిపాటి జీడి, కొబ్బరి చెట్లు పడిపోయాయి. జీడిమొక్క మళ్లీ నాటితే చేతికి కాపు రావడానికి ఏళ్లు పడుతుంది, ఆ ఏళ్లన్నీ అప్పుతో గడుస్తాయి. అలాంటి ఇంటికి తమిళనాడులో నూలు మిల్లు పని, హాస్టలు, మూడుపూట్లా తిండి, ముందుగా ఇరవై వేలు అనే మాట వచ్చింది. మూడేళ్లు చేస్తే పెళ్లి ఖర్చుకి ఒకేసారి పెద్ద మొత్తం ఇస్తామనే పద్ధతి అక్కడి మిల్లుల్లో 'సుమంగళి' పేరుతో చాలాకాలం నడిచింది. ఆడపిల్ల పెళ్లి బెంగ ఉన్న ఏ ఇంటికైనా ఆ మాట వరంలాగే వినబడుతుంది.

ఆడపిల్లకి ధర కట్టడం ఈ నేలకి కొత్త కాదు. 19వ శతాబ్దం చివర్లో విజయనగరం మహారాజా ఆనంద గజపతి అప్పటి విశాఖపట్నం జిల్లాలో బ్రాహ్మణ కుటుంబాల్లో జరిగిన కన్యాశుల్కం పెళ్లిళ్ల లెక్క తీయించారు. మూడేళ్లలో 1034 తేలాయి. అంత కచ్చితంగా లెక్క తీశాక కూడా ఆయన తెచ్చిన బిల్లు చట్టం కాలేదు. అప్పటికీ ఇప్పటికీ తీరు ఒకటే: తల్లిదండ్రుల చేతిలో డబ్బు పడుతుంది, వెళ్లేది పిల్ల.

చట్టం అడిగే మూడు ప్రశ్నలు

'అక్రమ రవాణా' అనే మాటే మనల్ని దారి తప్పిస్తుంది. లారీలో సరుకు దాచి చెక్‌పోస్టు దాటించినట్టు వినబడుతుంది. సరిహద్దు దాటాలనీ తాళ్లు కట్టి ఉండాలనీ అనుకుంటాం. చట్టంలో అవేమీ లేవు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 143వ సెక్షన్ దీని గురించి చెబుతుంది. అంతకుముందు ఇదే నేరం శిక్షాస్మృతిలో 370వ సెక్షన్‌గా ఉండేది, ఢిల్లీ నిర్భయ ఘటన తరవాత 2013లో దాన్ని తిరగరాశారు. అది చూసేవి మూడే. ఏం చేశారు? ఎలా చేశారు? ఎందుకు చేశారు?

పనికి కుదర్చడం, తీసుకెళ్లడం, దాచి ఉంచడం, ఒకరి చేతి నుంచి ఇంకొకరికి అప్పగించడం, అందుకోవడం, వీటిలో ఏది చేసినా మొదటి ప్రశ్నకి జవాబు దొరికినట్టే. పక్క మండలం దాకా తీసుకెళ్లినా చాలు. మూడో ప్రశ్నకి జవాబు దోపిడీ: లైంగిక దోపిడీ, బానిసలాంటి చాకిరీ, అవయవాల తొలగింపు. కొత్త చట్టం భిక్షాటననీ ఇందులో చేర్చింది.

అసలు చిక్కు రెండో ప్రశ్న దగ్గర. బెదిరించారా, బలం వాడారా, ఎత్తుకుపోయారా, మోసం చేశారా, అధికారం అడ్డం పెట్టుకున్నారా అని సెక్షన్ వరసగా అడుగుతుంది. మన ఊహల్లోని అమ్మాయి విషయంలో మేస్త్రీ "ఇవేవీ లేవు, వాళ్లమ్మే పంపింది" అంటాడు. ఆ వరస చివర్లో ఒక మాట ఉంది, ఉత్తరాంధ్రకి అత్యవసరమైన మాట. ఎవరి చేతికింద ఆ మనిషి ఉందో వాళ్లని ఒప్పించడానికి డబ్బో లాభమో ఇవ్వడం కూడా నేర మార్గమే. అంటే తల్లి చేతిలో పెట్టిన ఆ ఇరవై వేలే రుజువు. బాధితురాలి ఒప్పుకోలు ఉన్నా లెక్కలోకి రాదని అదే సెక్షన్ వివరణలో రాసి ఉంది. పిల్ల విషయంలో రుజువైతే కనీసం పదేళ్ల కఠిన శిక్ష, ఒకరికి మించి పిల్లలైతే కనీసం పద్నాలుగేళ్లు. రెండూ యావజ్జీవం దాకా వెళ్లొచ్చు.

భారత్ 2011లో ఆమోదించిన ఐక్యరాజ్యసమితి ఒప్పందం ప్రకారం పిల్లల విషయంలో ఆ రెండో ప్రశ్నే అడగనక్కర్లేదు. మన సెక్షన్ ఆ మినహాయింపుని స్పష్టంగా రాసుకోలేదు. నా దృష్టిలో ఇది పెద్ద లోటు. ఆ సందులోంచే కేసులు జారిపోతాయి. అందుకే అనుభవం ఉన్న సంస్థ కార్యకర్త తల్లితో మొదటిసారి మాట్లాడేటప్పుడు తిట్టదు, నెమ్మదిగా అడుగుతుంది. డబ్బు ఎవరిచ్చారమ్మా? ఏ రోజు? చేతికిచ్చాడా, ఫోన్‌పేలో వేశాడా? ఆ సందేశం ఇంకా ఉందా? రెండేళ్ల తరవాత కోర్టులో నిలబడేది ఆ ఒక్క స్క్రీన్ మీది వరసే.

మరి ఆ తల్లి నేరస్తురాలా? చట్టం మాట పట్టుకుంటే చిక్కుల్లో పడేయొచ్చు. నేను మాత్రం కూడదనే అంటాను. తల్లిని ముద్దాయిని చేసిన రోజున పిల్ల నోరు మూసుకుంటుంది, మేస్త్రీ ఊపిరి పీల్చుకుంటాడు.

విజయనగరం జంక్షన్

మన అమ్మాయిని రైల్లోంచి దింపింది ఇక్కడే అనుకుందాం. విజయనగరంలో రెండు లైన్లు కలుస్తాయి. హౌరా నుంచి చెన్నై వెళ్లే ప్రధాన లైను ఇచ్ఛాపురం, సోంపేట, పలాస, శ్రీకాకుళం రోడ్, చీపురుపల్లి మీదుగా వస్తుంది. రాయ్‌పూర్ వైపు నుంచి వచ్చేది రాయగడ, పార్వతీపురం, బొబ్బిలి మీదుగా దిగుతుంది. ఆ రెండో లైను మీద నడిచే ధన్‌బాద్–అలెప్పీ ఎక్స్‌ప్రెస్ ఒడిశాలోని బలంగీర్, కలహండి ప్రాంతాలనీ తిరుప్పూర్, కోయంబత్తూరులనీ ఒకే బండితో కలుపుతుంది. వలసకి ఇంతకంటే సూటి దారి లేదు. కాబట్టి విజయనగరం ప్లాట్‌ఫాం మీద కనబడే పిల్లలందరూ మన పిల్లలు కారు. ఒడియా, కువి, సవర మాట్లాడే పిల్లలూ ఉంటారు. తెలుగులో అడిగితే తలూపుతారు, ఏం అడిగినా తలూపుతారు. ఆ తల ఊపుని "తన ఇష్టంతోనే వచ్చింది" అని రాసేసుకున్న కాగితం ఎంత అన్యాయమో చెప్పక్కర్లేదు. మెళియాపుట్టి, మందస వైపు సవర ఊళ్ల నుంచి చదువుకుని వచ్చిన ఒక్క కార్యకర్త సంస్థలో ఉంటే ఎంత తేడా వస్తుందో ఆ గదిలో కూర్చున్నవాళ్లకే తెలుస్తుంది.

స్టేషన్లో ఖాకీ బట్టలవాళ్లందర్నీ మనం రైల్వే పోలీసులే అంటాం. అందులో ఇద్దరున్నారు. ఆర్పీఎఫ్ కేంద్రానిది, ప్రయాణికుల భద్రత, రైల్వే ఆస్తి చూస్తుంది. జీఆర్పీ రాష్ట్ర పోలీసు, నేరం మీద ఎఫ్ఐఆర్ కట్టేది వాళ్లు. ఒంటరిగానో అనుమానంగానో ఉన్న పిల్లల్ని ఆర్పీఎఫ్ గుర్తించి అప్పగించడం 2018 నుంచి 'నన్హే ఫరిశ్తే' పేరుతో నడుస్తోంది. అక్రమ రవాణా మీద ప్రత్యేక చర్యలు 2022లో మొదలుపెట్టారు. పిల్లని దింపాక కేసు ఎవరిదనే వాదన మొదలైతే, ఇప్పుడు జీరో ఎఫ్ఐఆర్ చట్టంలోనే ఉంది. నేరం తిరుప్పూరుదైనా పలాసదైనా ఇక్కడే కట్టి అక్కడికి పంపొచ్చు. ఆ మాటని మర్యాదగా, సెక్షన్ నంబరుతో సహా గుర్తుచెయ్యడం కూడా సంస్థ పనే.

తరవాత వయసు గొడవ. మేస్త్రీ దగ్గర ఆధార్ కార్డు ఉంటుంది, అందులో ఆమెకి పంతొమ్మిదేళ్లు. బాలల న్యాయ చట్టం 94వ సెక్షన్ వయసుని ఎలా తేల్చాలో వరస చెప్పింది. ముందు స్కూలు రికార్డు లేదా పది సర్టిఫికెట్, అది లేకపోతే పంచాయతీయో మునిసిపాలిటీయో ఇచ్చిన పుట్టిన తేదీ పత్రం, రెండూ లేకపోతేనే ఎముకల పరీక్ష. ఆధార్ ఆ వరసలో లేదు. పుట్టిన తేదీకి ఆధార్ రుజువు కాదని 2024లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. ఊళ్లో హెడ్మాస్టరుకి ఫోన్ చేసి అడ్మిషన్ రిజిస్టరులో ఆ పేజీ ఫొటో తీయించి తెప్పించడం అరగంట పని. ఆ అరగంట ఎవరూ పెట్టకపోతే పదిహేనేళ్ల పిల్ల పంతొమ్మిదేళ్ల కూలీ అయి తరవాతి బండి ఎక్కుతుంది.

ఇరవైనాలుగు గంటల తరవాత

దింపిన పిల్లని ప్రయాణ సమయం పోను 24 గంటల్లో బాలల సంక్షేమ కమిటీ ముందు హాజరుపరచాలి. జిల్లాకి ఒక చైర్‌పర్సన్, నలుగురు సభ్యులు, అందులో కనీసం ఒకరు మహిళ. దీనికి ఫస్ట్‌క్లాస్ మేజిస్ట్రేటు అధికారాలున్నాయి. కమిటీ కూర్చోని రోజున ఒక్క సభ్యుడి ముందైనా హాజరుపరచొచ్చు. ఈ మాట తెలియక ఆదివారం పూట పిల్లల్ని పోలీస్ స్టేషన్ బెంచీ మీద కూర్చోబెట్టడం ఉంది.

ఇక్కడ సంస్థ పాత్ర ఏమిటన్నది 2023లో బాగా మారింది. 1996లో ముంబైలో టాటా సామాజిక శాస్త్రాల సంస్థ నుంచి జెరూ బిల్లిమోరియా ఆపదలో ఉన్న పిల్లల కోసం మొదలుపెట్టిన 1098 ఫోన్ సేవ దాదాపు పాతికేళ్లపాటు స్వచ్ఛంద సంస్థల చేతుల్లో నడిచింది. జిల్లాలో ఫోన్ మోగితే వెళ్లేది సంస్థ మనిషే. పిల్లల రక్షణకి కేంద్రం పెట్టిన మిషన్ వాత్సల్య పథకం కింద 2023లో దాన్ని ప్రభుత్వమే తీసుకుంది, 112 అత్యవసర నంబరుతో కలిపింది, జిల్లాల్లో బాలల పరిరక్షణ విభాగాలకి అప్పగించింది. ప్రభుత్వ బాధ్యత ప్రభుత్వం తీసుకోవడం మంచిదే. కానీ ఏళ్ల తరబడి ఏ ఊళ్లో ఏ మేస్త్రీ తిరుగుతాడో, ఏ అంగన్‌వాడీ టీచరు నిజం చెబుతుందో గుండెల్లో పెట్టుకున్న కార్యకర్తలు ఆ మార్పులో చెదిరిపోయారు. ఆ జ్ఞాపకం ఏ రిజిస్టరులోనూ రాసి లేదు. పైగా 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయి పార్వతీపురం మన్యం జిల్లా వచ్చింది, సీతంపేట, పాలకొండ అటు వెళ్లాయి, రాజాం విజయనగరంలో కలిసింది. ఏ పిల్ల ఏ జిల్లా కిందికి వస్తుందో పాత కాగితాలు చెప్పవు.

ఇప్పుడు సంస్థలకి మిగిలిన పని కమిటీకి కళ్లూ కాళ్లూ కావడం. పిల్ల ఇంటి పరిస్థితి మీద సామాజిక దర్యాప్తు నివేదిక 15 రోజుల్లో అందాలి, నాలుగు నెలల్లో కమిటీ తుది ఉత్తర్వు ఇవ్వాలి. చెడ్డ నివేదిక నాలుగు వాక్యాల్లో ఉంటుంది: తల్లిదండ్రులు పేదవారు, పిల్లని చదివిస్తామన్నారు, అప్పగించవచ్చు. మంచి నివేదికలో అప్పు ఎవరి దగ్గర ఉందో ఉంటుంది, డయాలసిస్ ఎక్కడ, వారానికి ఎన్నిసార్లు, చార్జీలకి ఎంతవుతుందో ఉంటుంది. ఇంకో కూతురు ఉందా, ఆమెకి ఎన్నేళ్లో ఉంటుంది. అక్క తిరిగొస్తే చెల్లి వెళ్లడం మన ఊళ్లలో ఎరుగుదుం కదా.

ఇంటికి పంపడం క్షేమం కాదనిపిస్తే హోమ్‌లో ఉంచుతారు. ఇక్కడ ఒక మాట కఠినంగా చెప్పాలి. పిల్లల్ని ఉంచే ఏ సంస్థ అయినా బాలల న్యాయ చట్టం 41వ సెక్షన్ కింద నమోదు కావాలి. నమోదు లేకుండా నడిపితే ఏడాది దాకా జైలో, లక్షకి తగ్గని జరిమానానో, రెండూనో పడతాయి. సేవాభావం దానికి మినహాయింపు కాదు. మంచి మనసుతోనే మొదలైన నమోదులేని ఇల్లు ఎవరి తనిఖీకీ అందదు, చెడ్డ మనసువాడికి కావలసింది అలాంటి చోటే.

ఇంకొకటి, ఫొటోలు. రక్షించిన పిల్లల్ని వరసగా నిలబెట్టి, వెనక బ్యానరు కట్టి, ముఖాలకి చిన్న మసక పూసి పెట్టడం. పేరు, ఊరు, స్కూలు, గుర్తుపట్టడానికి దారితీసే ఏ వివరం బయటపెట్టినా 74వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలో రెండు లక్షల దాకా జరిమానానో ఉంది. ముఖం మసక చేసి ఊరిపేరు రాస్తే ఆ ఊళ్లో ఎవరికి తెలియదు? ఆ పిల్ల రేపు అదే వీధి కుళాయి దగ్గర నీళ్లు పట్టుకోవాలి.

మేస్త్రీ తిరిగొచ్చే రోజు

మన అమ్మాయి ఇంటికొచ్చింది. పది రోజులకి మేస్త్రీ కూడా వచ్చాడు. ఈసారి టీ తాగడు. "పనికి రాలేదు, నా ఇరవై వేలూ ఇచ్చీండి" అంటాడు. అమ్మ దగ్గర లేవు, ఎప్పుడో ఆసుపత్రికీ పాత అప్పుకీ అయిపోయాయి. అదిగో, ఆ సాయంత్రం పిల్ల మళ్లీ సంచీ సర్దుకుంటుంది. ఎవరూ బలవంతం చెయ్యలేదు, ఇంట్లో అమ్మ ముఖం చూసి సర్దుకుంటుంది. రైలు దింపడం వరకే చేసి వెళ్లిపోయిన సంస్థకి ఈ సాయంత్రం సంగతి ఎప్పటికీ తెలియదు.

1976 నాటి వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం ఇక్కడ పనికొస్తుంది. అడ్వాన్సుకి కట్టుబడి మనిషిని పనిచేయించే ఒప్పందం ఆ చట్టం ముందు చెల్లదు, ఆ బాకీ తీర్చాల్సిన బాధ్యతా ఉండదు. కనీస వేతనం కంటే తక్కువకి చేయించే పని కూడా నిర్బంధ శ్రమే అని 1982లో ఢిల్లీ ఆసియా క్రీడల నిర్మాణ కూలీల కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కలెక్టరో సబ్ కలెక్టరో విచారించి విడుదల పత్రం ఇస్తే, కేంద్ర పథకం కింద తక్షణ సాయంగా 30 వేల దాకా, పిల్లలకీ స్త్రీలకీ పునరావాసంగా రెండు లక్షల దాకా వచ్చే వీలుంది. రెండు లక్షల మాట వినడానికి బాగుంటుంది. అది శిక్ష పడడంతో ముడిపడి ఉండడం వల్ల కుటుంబం చేతికి అందేది ముందుగా ఆ 30 వేలే, అదీ ఎవరో ఒకరు ఆఫీసు చుట్టూ తిరిగితే. ఆ తిరగడమే కార్యకర్త పని. మేస్త్రీ వచ్చిన రోజున సచివాలయం మహిళా పోలీసుని వెంటబెట్టుకుని ఆ అరుగు మీద కూర్చోవడం కూడా ఆ పనిలోదే. గట్టిగా అరవనక్కర్లేదు. ఇంకో మనిషి చూస్తున్నారని మేస్త్రీకి తెలిస్తే సగం పని అయిపోతుంది.

ఇక చదువు. విద్యాహక్కు చట్టం పద్నాలుగేళ్ల దగ్గర ఆగిపోతుంది. బాల కార్మిక చట్టం 2016 సవరణ పద్నాలుగు లోపు పిల్లల్ని ఏ పనిలోనూ పెట్టొద్దంటుంది, కుటుంబం పనికి మాత్రం బడి వేళలు పోను మినహాయింపు ఇచ్చింది. పద్నాలుగు నుంచి పద్దెనిమిది మధ్య ప్రమాదకరమైనవి తప్ప మిగతా పనులు చెయ్యొచ్చు. అంటే బడి చెయ్యి వదిలేసే వయసూ, పని చెయ్యి చాచే వయసూ ఒకటే. పది తప్పిన జూన్ నెల ఈ రెండు జిల్లాల్లో మేస్త్రీలకి పంట కాలం. శాంతా సిన్హా నడిపిన ఎం.వి. ఫౌండేషన్ రంగారెడ్డి జిల్లాలో మొదలుపెట్టి ఒక సూత్రం పట్టుకుంది: బడిలో లేని ప్రతి పిల్లా బాల కార్మికురాలే. ఇంట్లో తమ్ముణ్ని ఎత్తుకునే పిల్ల కూడా. పనిలోంచి తెచ్చిన పిల్లల్ని కొన్ని నెలలు శిబిరంలో ఉంచి వయసుకి తగిన తరగతిలో చేర్పించేవారు. 2003లో ఆమెకి మెగసెసే పురస్కారం వచ్చింది, 2007లో జాతీయ బాలల హక్కుల కమిషన్‌కి తొలి చైర్‌పర్సన్ అయ్యారు. ఆ సూత్రాన్ని పద్దెనిమిది దాకా సాగదియ్యడమే ఇప్పుడు ఇక్కడ కావలసింది. పది తప్పిన పిల్లని సప్లిమెంటరీకి కూర్చోబెట్టడం, ఓపెన్ స్కూల్లో ఫీజు కట్టించడం, కస్తూర్బా విద్యాలయంలో సీటు అడగడం, తల్లిదండ్రులు వలస వెళ్లే నెలల్లో పిల్లలు ఊళ్లోనే ఉండేలా సీజనల్ హాస్టల్ తెరిపించడం. వీటిలో ఏదీ వార్త కాదు.

మగపిల్లల సంగతి ఇంకా వెనకబడింది. హైదరాబాదు బేకరీలో, బెంగళూరు హోటల్లో, చెన్నై కట్టడాల దగ్గర పనిచేసే కుర్రాణ్ని చూసి "మగోడు కదా, సంపాయించుకుంటన్నాడు" అంటాం. 2014 జూన్ 28న చెన్నై మౌలివాక్కంలో కడుతున్న పదకొండంతస్తుల భవనం కూలి 61 మంది చనిపోయినప్పుడు విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల ఊళ్లకి శవాలు వచ్చాయి. ఆ కట్టడాల దగ్గరికి కుటుంబాలు కుటుంబాలే వెళ్తాయి, వెళ్లిన చోట పిల్లలకి బడి ఉండదు, ఇటుకలు ఉంటాయి. 2022లో దేశంలో అక్రమ రవాణా బాధితులుగా నమోదైన పిల్లల్లో ఆడపిల్లల కంటే మగపిల్లలే ఎక్కువ. ఆ ఏడాది దేశమంతటా నమోదైన అక్రమ రవాణా కేసులు 2,250. అదే ఏడాది తప్పిపోయిన పిల్లలు 83 వేలకి పైన. ఆ రెండు అంకెల మధ్య ఉన్న దూరం చూడండి. తప్పిపోయిన ప్రతి పిల్ల విషయంలోనూ కిడ్నాపో రవాణానో అని ముందుగా అనుకుని ఎఫ్ఐఆర్ కట్టాల్సిందేనని 2013లో బచ్‌పన్ బచావో ఆందోళన్ అనే బాలల హక్కుల సంస్థ వేసిన కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. "ఎవడితోనో ఎల్లిపోయుంటాది, రెండ్రోజులు సూడండి" అని చెప్పి పంపించే స్టేషన్‌కి ఆ తీర్పు ప్రతి తీసుకెళ్లే మనిషి ఒకరు కావాలి.

కేసు నడవడం మరో ప్రయాణం. సమన్లు వచ్చేసరికి పిల్లకి పదిహేడు, పద్దెనిమిది వచ్చేస్తాయి. కోర్టు తిరుప్పూరులో, ఇల్లు సోంపేట దగ్గర. కూలి పోగొట్టుకుని, భాష తెలియని చోటికి, ముద్దాయి మనుషులు నిలబడి ఉండే వరండాలోకి వెళ్లాలి. ఇలాంటి పిల్లలు తమ జిల్లా కోర్టు నుంచే వీడియోలో సాక్ష్యం చెప్పే పద్ధతిని 2022లో సుప్రీంకోర్టు ఆమోదించింది. పిల్లల రవాణా కేసులు ఆరు నెలల్లో తేల్చాలని 2025 ఏప్రిల్‌లో ఆదేశించింది. ఉత్తర్వులు ఉన్నాయి. ఆ గదిలో పిల్ల పక్కన కూర్చుని, భయపడకని చెయ్యి పట్టుకునే మనిషికి మాత్రం జీతం ఎవరివ్వాలో ఏ ఉత్తర్వులోనూ లేదు.

డబ్బు ప్రశ్న అక్కడే నిలుస్తుంది. విదేశీ విరాళాల చట్టానికి 2020 సెప్టెంబరులో చేసిన సవరణ రెండు పనులు చేసింది. ఒక సంస్థ తనకి వచ్చిన విదేశీ నిధిని ఇంకో సంస్థకి ఇవ్వకూడదంది. పాలనా ఖర్చులని 50 శాతం నుంచి 20 శాతానికి తగ్గించింది. లెక్కల్లో పారదర్శకత కావాలనడంలో తప్పులేదు. కానీ హైదరాబాదులోనో ఢిల్లీలోనో పెద్ద సంస్థ దగ్గర కొంత తీసుకుని మందసలో నలుగురితో పనిచేసే చిన్న సంస్థకి ఆ దారి మూసుకుపోయింది. కంపెనీల సామాజిక బాధ్యత నిధులు భవనానికీ, కుట్టుమిషన్లకీ, ఒక రోజు అవగాహన సదస్సుకీ సులువుగా వస్తాయి. పద్దెనిమిది నెలలపాటు నెలకోసారి ఒకే ఇంటికి బస్సెక్కి వెళ్లే మనిషి జీతానికి రావడం కష్టం. ఫొటో తీయడానికి అందులో ఏమీ లేదు కదా.

అందుకే మీరు ఏదైనా సంస్థకి సాయం చెయ్యాలనుకుంటే, ఇప్పటిదాకా ఎంతమందిని రక్షించారని అడగొద్దు. పోయినేడు మీరు ఇంటికి చేర్చిన పిల్లల్లో ఇవాళ ఎంతమంది బడిలో ఉన్నారని అడగండి. పేర్లు చెప్పకుండా, అంకె చెప్పగలిగితే ఆ సంస్థ వెంటపడి చూస్తోందన్నమాట. హోమ్ ఉంటే నమోదు పత్రం చూపించమనండి. పిల్లల్ని మీకు చూపిస్తామని, పాట పాడిస్తామని అంటే మర్యాదగా వద్దనండి.

ఇక రైల్లో మీ ఎదుటి సీట్లో కొత్త చెప్పులు, కొత్త సంచీలతో అయిదారుగురు ఆడపిల్లలు, వాళ్లందరి టికెట్లూ ఒకే మనిషి జేబులో, ఎవరిని ఏ ఊరని అడిగినా ఆ మనిషే జవాబు చెబుతుంటే, అతన్ని నిలదీయొద్దు, ఫొటో తీయొద్దు, జనాన్ని పోగుచెయ్యొద్దు. తప్పుపడితే ఒక అమాయకుడు దెబ్బలు తింటాడు, నిజమైతే అతను తరవాతి స్టేషన్లో పిల్లల్ని విడదీసి దింపేస్తాడు. లేచి తలుపు దగ్గరికి వెళ్లి 1098కో రైల్వే 139కో ఫోన్ చెయ్యండి. బండి నంబరు, బోగీ, సీట్లు, ఎంతమంది పిల్లలు, ఏ భాష మాట్లాడుతున్నారు, తరవాత ఆగే స్టేషన్ ఏది, ఎన్ని నిమిషాల్లో వస్తుంది. బొబ్బిలి దాటాక విజయనగరం వచ్చేలోపు ఈ ఏడు మాటలూ చెప్పడానికి బోలెడు సమయం ఉంటుంది.